ఇరవై నాలుగు మాటల ఖరీదు

2010 జనవరి 5న లలిత్ మోదీ ఒక ట్వీటు పెట్టారు. అప్పట్లో ఆయన ఐపీఎల్ ఛైర్మన్, క్రికెట్ లోకంలో ఆయన మాటకు ఎదురులేదు. న్యూజిలాండ్ మాజీ ఆల్‌రౌండర్ క్రిస్ కెయిర్న్స్‌ను వేలం జాబితాలోంచి తీసేశామని, మ్యాచ్ ఫిక్సింగులో అతనికున్న పాత చరిత్రే అందుకు కారణమని, పాలకమండలి ఇవాళే ఈ నిర్ణయం తీసుకుందని ఆ ట్వీటు సారాంశం. ఇంగ్లిషులో లెక్కపెడితే సరిగ్గా 24 మాటలు.

కెయిర్న్స్ లండన్ హైకోర్టు మెట్లెక్కాడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ ట్వీటు చదివినవాళ్లు ఎందరని లెక్క తీస్తే సుమారు 65 మంది అని తేలింది. మన ఊళ్లో ఓ మోస్తరు టీకొట్టుకు పొద్దున పూట అంతకంటే ఎక్కువమందే వస్తారు. అయినా 2012 మార్చి 26న జడ్జి జస్టిస్ బీన్ ఇచ్చిన తీర్పులో పరిహారం 90 వేల పౌండ్లు. అప్పటి మారకంలో 70 లక్షల రూపాయల పైమాటే. ఇందులో 75 వేలు పరువు పోయినందుకు. మిగతా 15 వేలు, కోర్టులో కూడా అదే ఆరోపణను పట్టువిడవకుండా సాగదీసి అవతలి మనిషిని మరింత నొప్పించినందుకు. ఇది కాక కోర్టు ఖర్చుల కింద ముందుగా 4 లక్షల పౌండ్లు కట్టమన్నారు. పరిహారాన్ని మాటలతో భాగిస్తే మాటకు 3,750 పౌండ్లు. అప్పీలుకు వెళ్లినా మోదీకి ఊరట దొరకలేదు.

ఈ కేసులో చూడాల్సింది డబ్బు లెక్క కాదు. ఆరోపణ చేసినందుకు మోదీ ఓడిపోలేదు. చేసినదాన్ని నిరూపించలేక ఓడిపోయారు. నేను చెప్పింది నిజమేనని ఆయన గట్టిగా వాదించారు, సాక్షుల్ని కూడా నిలబెట్టారు. ఆ సాక్ష్యాలు నమ్మదగినవిగా జడ్జికి కనిపించలేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు చేస్తే నేరాన్ని నిరూపించే బాధ్యత ప్రభుత్వానిది. ఆధారాలు సేకరించేది పోలీసులు, వాదించేది ప్రభుత్వ న్యాయవాది. అదే మాట ఫోన్లో టైపు చేసి నలుగురికీ పెడితే దర్యాప్తు అధికారీ, సాక్షీ, న్యాయవాదీ అన్నీ మనమే అవ్వాలి. కేసు పడ్డాక బోనులో నిలబడేదీ మనమే.

వినాయక చవితినాడు అక్షతలు చేతిలో పట్టుకుని మనం వినే కథ గుర్తు చేసుకోండి. శమంతకమణి కోసం తమ్ముడు ప్రసేనుణ్ని కృష్ణుడే చంపాడని సత్రాజిత్తు ఊరంతా చాటాడు. హత్య, దోపిడీ, రెండూ పెద్ద నేరాలే. ఆధారం మాత్రం ఒకటే: కృష్ణుడు అంతకుముందు ఒకసారి ఆ మణిని అడిగాడు. అంతే. పాపం కృష్ణుడు అడవిబాట పట్టి, ప్రసేనుడి శవాన్నీ సింహం అడుగుల్నీ వెతుక్కుంటూ వెళ్లి, గుహలో జాంబవంతుడితో పోరాడి మణి తెచ్చి ఇస్తే తప్ప నింద తొలగలేదు. అక్కడ నింద మోసినవాడే రుజువు వెతుక్కోవాల్సి వచ్చింది. నేటి పరువునష్టం చట్టం ఈ వరసను తలకిందులు చేసింది. అడవికి వెళ్లాల్సింది సత్రాజిత్తు.

మన దేశంలో దీనికి రెండు దారులున్నాయి. ఒకటి సివిల్ దావా, అంటే డబ్బు రూపంలో నష్టపరిహారం అడగడం. మాట బయటికొచ్చిన ఏడాదిలోగా వేయాలి. రెండోది క్రిమినల్ కేసు. మొన్నటిదాకా భారత శిక్షాస్మృతిలోని 499, 500 సెక్షన్లు, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్. రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్త చట్టంలో సమాజ సేవ అనే శిక్ష కూడా చేర్చారు. దీనికి గడువు మూడేళ్లు. బెయిల్ దొరికే నేరమే. పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టే వీల్లేదు, పరువు పోయిందనుకున్న మనిషే మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు దాఖలు చేయాలి. ‘ఇంతేనా’ అనిపించవచ్చు. కానీ రెండేళ్ల శిక్ష అంటే ప్రజాప్రతినిధికి పదవి పోయేంత శిక్ష. 2023 మార్చిలో సూరత్ కోర్టు రాహుల్ గాంధీకి వేసింది ఇదే. సుప్రీంకోర్టు ఆగస్టులో స్టే ఇచ్చేదాకా ఆయన లోక్‌సభకు దూరంగానే ఉన్నారు.

పాత 499వ సెక్షన్‌ను ఒకసారి నిదానంగా చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. 1860 నాటి ఆ చట్టంలో మూడు చిన్న ఉదాహరణలున్నాయి, మూడూ ఒక గడియారం దొంగతనం గురించే. మొదటిదాంట్లో ఒకడు ‘ఫలానా ఆయన మహా నిజాయితీపరుడు, ఆ గడియారం ఆయన ఎందుకు తీస్తాడు!’ అంటాడు, అందరూ ఆయనే తీశాడని అనుకోవాలని. రెండోదాంట్లో గడియారం ఎవరు తీశారని అడిగితే నోరు మెదపకుండా ఒక మనిషి వైపు వేలు చూపిస్తాడు. మూడోదాంట్లో గడియారంతో పారిపోతున్నట్టు ఆ మనిషి బొమ్మ గీస్తాడు. మూడూ పరువునష్టమే. ఇప్పటి భాషలో చెప్పాలంటే మొదటిది వెటకారం పోస్టు, రెండోది ట్యాగ్ చేయడం, మూడోది మీమ్. ఫోన్ ఊహలో కూడా లేని కాలంలో మెకాలే మనుషులు వాట్సాప్‌కు సరిపడా చట్టం రాసిపెట్టి పోయారు. కొత్త సంహిత కూడా ఆ గడియారాన్ని అలాగే దాచుకుంది.

వెటకారం కాపాడదని తెలుసుకోవడానికి శాలీ బెర్కో పెద్ద మూల్యమే చెల్లించారు. 2012 నవంబరు 2న బీబీసీ న్యూస్‌నైట్ కార్యక్రమంలో, ఒకప్పటి పెద్ద రాజకీయ నాయకుడొకరు పిల్లలపై లైంగిక దాడి చేశారని పేరు చెప్పకుండా ప్రసారం చేశారు. పేరేమిటో ఊహించే పని జనం మొదలుపెట్టారు. రెండు రోజుల తర్వాత, బ్రిటన్ దిగువసభ స్పీకర్ భార్య అయిన బెర్కో, లార్డ్ మెకాల్పైన్ పేరు ఎందుకు ట్రెండ్ అవుతోందని ఒక ప్రశ్న వేసి, పక్కన రెండు నక్షత్రాల గుర్తుల మధ్య ‘అమాయకపు ముఖం’ అని రాశారు. అంతకుమించి ఒక్క ముక్క లేదు. తర్వాత తేలిందేమిటంటే మెకాల్పైన్‌కు ఆ నేరంతో ఏ సంబంధమూ లేదు, బాధితుడు ఒకరిని చూసి మరొకరని పొరబడ్డాడు. బీబీసీ 1,85,000 పౌండ్లు, ఐటీవీ 1,25,000 పౌండ్లు కట్టి చేతులు దులుపుకున్నాయి. బీబీసీ డైరెక్టర్ జనరల్ పదవిలో చేరిన 54 రోజులకే రాజీనామా చేశారు. నేను అడిగింది ప్రశ్నే కదా అన్న బెర్కో వాదన 2013 మేలో వీగిపోయింది. ఆ ‘అమాయకపు ముఖం’ నిజంగా అమాయకమైనది కాదని, చదివినవాడికి అర్థమయ్యేది నేరారోపణేనని జస్టిస్ టూగెన్‌డాట్ తేల్చారు. ఆ పేరు ప్రచారం చేసిన మామూలు ట్విట్టర్ వినియోగదారులను, 500 మంది లోపు ఫాలోయర్లున్నవాళ్లను, పిల్లల సంక్షేమ నిధికి చందా కట్టించి మెకాల్పైన్ వదిలేశారు.

మన తెలుగులో అమాయకపు ముఖం పనిని ఒక్క అక్షరం చేసిపెడుతుంది. ‘ట’. ‘కట్నం కోసం వాళ్లే చంపేశార్ట’, ‘ఆ డాక్టరు కిడ్నీలు అమ్ముకున్నాట్ట’. నేను చెప్పడంలేదు, జనం అనుకుంటున్నారు అన్న ధీమా ఆ ‘ట’లో ఉంది. చట్టం దృష్టిలో ఆ అక్షరానికి విలువ లేదు. విన్నమాటను మోసినవాడూ ఆ మాట అన్నవాడే. యూట్యూబ్ తంబ్‌నెయిళ్ల మీద ఎర్ర బాణం గుర్తుతో పాటు తగిలించే ప్రశ్నార్థకానికీ అదే గతి. ‘హంతకుడు అతడేనా?’ అని అడిగినా, ‘హంతకుడు అతడే’ అని చెప్పినా చూసేవాడి బుర్రలో మిగిలేది ఒక్కటే.

మరి చెప్పింది నిజమైతే? అమెరికాలో నిజమైతే చాలు. మన దగ్గర సివిల్ దావాలోనూ నిజమే పెద్ద రక్ష. క్రిమినల్ కేసులో మాత్రం నిజం ఒక్కటే సరిపోదు. అది ప్రజాహితం కోసం చెప్పింది కూడా అయి ఉండాలి, పది మినహాయింపుల్లో మొదటిది అదే. మిగతావాటిలో చాలా వాటికి ‘సద్భావన’ అనే మాట కీలకం. ఇది మంచి మనసు అని చాలామంది పొరబడతారు. చట్టం చెప్పే అర్థం వేరు: తగిన జాగ్రత్త, శ్రద్ధ తీసుకుని చేసిన పని. మనసెంత మంచిదైనా ఆరా తీయకుండా పోస్టు పెడితే సద్భావన కిందికి రాదు. అధికారుల విధి నిర్వహణ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం కాస్త ఊపిరి పీల్చుకునే చోటుంది. 1994లో వరస హత్యల దోషి ఆటో శంకర్ ఆత్మకథ కేసులో, తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాసిన తీర్పు ప్రకారం, ఆధారాలు తగినంతగా సరిచూసుకుని రాసి ఉంటే తర్వాత అందులో తప్పు తేలినా అధికారికి నష్టపరిహారం రాదు. సరిచూసుకోవడం అన్నదే ప్రాణం.

సరిచూసుకోకపోతే ఏమవుతుందో 2024 జులై 1న ఢిల్లీ హైకోర్టు చెప్పింది. మాజీ దౌత్యవేత్త లక్ష్మీ పురి స్విట్జర్లాండ్‌లో కొన్న ఇంటికి డబ్బెక్కడిదంటూ 2021లో వరుస ట్వీట్లు పెట్టిన సాకేత్ గోఖలేను 50 లక్షల రూపాయలు కట్టమని, పత్రికలో క్షమాపణ అచ్చువేయించమని, అదే క్షమాపణను తన ఖాతాలో ఆరు నెలల పాటు ఉంచమని ఆదేశించింది. గోఖలే అప్పటికి రాజ్యసభ సభ్యుడు. పదవి కవచం కాలేదు.

నేను రాయలేదు, షేర్ చేశానంతే అనేవాళ్ల సంగతీ ఈమధ్యే కోర్టుకెక్కింది. యూట్యూబర్ ధ్రువ్ రాఠీ వీడియో ఒకదాన్ని 2018లో అరవింద్ కేజ్రీవాల్ రీట్వీట్ చేశారు. అందులో తనను నిందించారని ఒకాయన కేసు వేశాడు. పరువు తీసే మాటను రీట్వీట్ చేయడమూ పరువు తీయడమేనని 2024 ఫిబ్రవరి 5న ఢిల్లీ హైకోర్టు స్పష్టంచేసింది. మూడు వారాల తర్వాత సుప్రీంకోర్టులో కేజ్రీవాల్ తరఫు న్యాయవాది అది పొరపాటేనని ఒప్పుకున్నారు, కింది కోర్టు విచారణ ఆగింది. కేజ్రీవాల్‌కు ఈ దారి కొత్త కాదు. మాదకద్రవ్యాల వ్యాపారంతో ముడిపెట్టినందుకు పంజాబ్ నాయకుడు బిక్రమ్ మజీఠియాకు, ఢిల్లీ క్రికెట్ సంఘం వ్యవహారంలో ఆరోపణలు చేసినందుకు 10 కోట్ల రూపాయలకు దావా వేసిన అరుణ్ జైట్లీకి 2018లో క్షమాపణ చెప్పుకున్నారు. రాజకీయ వేడిలో అన్న మాటల్ని వెనక్కి తీసుకోవడానికి ఒక ముఖ్యమంత్రి వరుసపెట్టి ఉత్తరాలు రాయాల్సి వచ్చింది.

మనవైపు చూస్తే, 2024 అక్టోబరులో తెలంగాణ మంత్రి కొండా సురేఖ మైకుల ముందు అన్న మాటలు గంటల్లో ఫోన్లన్నీ చుట్టేశాయి. తన కుటుంబం పరువు తీశారని నటుడు నాగార్జున నాంపల్లి కోర్టులో 356 కింద ఫిర్యాదు చేశారు. ఏడాది దాటాక, 2025 నవంబరులో, మంత్రి ఎక్స్‌లో విచారం వ్యక్తంచేస్తే ఆయన కేసు వెనక్కి తీసుకున్నారు.

ఇవన్నీ పెద్దవాళ్ల గొడవలు. లాయర్లను పెట్టుకోగలరు, ఓడితే కట్టుకోగలరు. మామూలు మనుషుల మీద పడ్డ నింద కోర్టుదాకా కూడా రాదు, దారిలోనే తీర్పు అయిపోతుంది. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో వదంతి దేశమంతా పాకింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగుర్ని కొట్టి చంపారు. అదే నెల 13న హైదరాబాద్ నుంచి బీదర్ వైపు కారులో వెళ్లిన కొందరు స్నేహితులు దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. వాళ్లు పిల్లల దొంగలంటూ ఎవరో వీడియో తీసి గ్రూపులో పెట్టారు. కారు కంటే ముందు ఆ వీడియో పక్క ఊరు చేరింది. ముర్కి దగ్గర రోడ్డుకు అడ్డం పెట్టి ఆపారు. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఒకరు ఆ దెబ్బలకు చనిపోయాడు. అరెస్టయినవాళ్లలో వాట్సాప్ గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడు. వారం తిరక్కుండా వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. ఐదు అన్న ఆ అంకె వెనక ఇంత కథ ఉందని ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

అడ్మిన్ల మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అడ్మిన్ కూడా ఆ పనిలో చెయ్యి కలిపితే సంగతి వేరు.

వదంతి కాదు, నేరం నిజంగా జరిగినప్పుడు కూడా వేళ్లు తప్పుడు దారి పడతాయి. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ల తర్వాత రెడిట్‌లో కొందరు ఫొటోలు పోల్చి చూసి, అప్పటికి నెల రోజులుగా కనిపించకుండా పోయిన భారత సంతతి విద్యార్థి ఒకణ్ని బాంబరుగా తేల్చేశారు. కొడుకు ఆచూకీ కోసం ఆ కుటుంబం పెట్టుకున్న పేజీ తిట్లతో నిండిపోయింది. కొద్ది రోజులకు ఆ కుర్రాడి శవం నదిలో దొరికింది, పేలుళ్లకు ముందే చనిపోయాడు. రెడిట్ క్షమాపణ చెప్పింది. ఎవరికి చెప్పుకున్నా, చనిపోయినవాడి చెవిన పడదు కదా.

నేరం నిజం, నేరస్థుడి పేరూ నిజం అనుకుందాం. అప్పుడూ ఒక గొయ్యి ఉంది, చాలామంది తెలియకుండా దిగిపోయేది. అత్యాచార బాధితురాలి పేరుగానీ, ఫొటోగానీ, ఆమెను గుర్తుపట్టే ఏ ఆనవాలుగానీ బయటపెట్టడం సంహితలోని 72వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల దాకా జైలు. ఆమె చనిపోయినా ఈ రక్షణ పోదని 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడాది తిరక్కముందే, 2019 నవంబరు చివర్లో, శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. న్యాయం కావాలంటూ లక్షలమంది పోస్టులు పెట్టారు, ఆమె అసలు పేరుతో, ఫొటోతో. అది దేశమంతా ట్రెండ్ అయింది. ‘దిశ’ అని రాయండని పోలీసులు బతిమాలుకోవాల్సి వచ్చింది. నిందితుల ముఖాలూ అందరి ఫోన్లలో తిరిగాయి. డిసెంబరు 6 తెల్లవారుజామున ఆ నలుగురూ చటాన్‌పల్లి దగ్గర ఎన్‌కౌంటర్లో చనిపోతే పూలు చల్లారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. కావాలనే కాల్చారని, పదిమంది పోలీసుల్ని హత్య నేరం కింద విచారించాలని కమిషన్ సిఫారసు చేసింది. నలుగురిలో ముగ్గురు ఆ నాటికి మైనర్లేనని కూడా తేల్చింది. మైనర్ నిందితుల వివరాలు బయటపెట్టడం బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా. ఆ ఫొటోలు షేర్ చేసినవాళ్లలో ఈ సెక్షన్ పేరు విన్నవాళ్లు ఎందరు?

ఇంతవరకు చదివితే చట్టం నిందపడ్డవాడి పక్షమే అనిపిస్తుంది. నాణేనికి రెండోవైపు అంతకంటే కటువు. స్టేషనుకు వెళ్తే ఫిర్యాదు తీసుకోరు, ఆఫీసులో చెబితే ఉద్యోగం పోతుంది. అలాంటివాళ్లకు మిగిలేది ఫోన్ ఒక్కటే. 2018 అక్టోబరులో పాత్రికేయురాలు ప్రియా రమణి, పాతికేళ్ల కిందటి లైంగిక వేధింపు గురించి తాను అంతకుముందు రాసిన సంపాదకుడు ఎం.జె. అక్బరేనని ట్వీట్ చేశారు. మరెందరో మహిళలు గొంతు కలిపారు. ఆయన కేంద్ర మంత్రి పదవి వదిలారు, కానీ అంతకు రెండు రోజుల ముందే ఆమె మీద క్రిమినల్ పరువునష్టం కేసు వేశారు. 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు రమణిని నిర్దోషిగా ప్రకటించింది. స్త్రీ ప్రాణాన్నీ గౌరవాన్నీ పణంగా పెట్టి ఒకరి పరువు కాపాడలేమని, ఎన్నేళ్ల తర్వాతయినా ఆమె తన గోడు తనకు నచ్చిన వేదిక మీద చెప్పుకోవచ్చని ఆ తీర్పు సారం. గొప్ప తీర్పే. అయితే అది చేతికి రావడానికి ఆమె రెండేళ్ల నాలుగు నెలలు కోర్టు చుట్టూ తిరిగారు. అక్కడితోనూ ఆగలేదు, అక్బర్ హైకోర్టులో అప్పీలు చేశారు. పేరున్న పాత్రికేయురాలి పరిస్థితే ఇదైతే, ఏ చిన్న ఊళ్లోనో టీచరు ఉద్యోగం చేసుకునే అమ్మాయి మాటేమిటి?

పరువునష్టాన్ని నేరంగా ఉంచడం అవసరమా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016 మే 13న, సుబ్రమణియన్ స్వామి కేసులో, అవసరమేనని కోర్టు అంది. పరువు కూడా జీవించే హక్కులో భాగమే అన్నది దాని తర్కం. బ్రిటన్ ఈ నేరాన్ని ఎప్పుడో ఎత్తేసింది. మనకు ఇచ్చిపోయినవాళ్లే వదిలేసిన సామానును మనం మాత్రం భద్రంగా దాచుకున్నాం. సివిల్ దావా సరిపోయే చోట జైలు భయం పెట్టడం బలవంతుడికే ఉపయోగపడుతోందన్న విమర్శలో బలముంది. బలవంతుడు గెలవనక్కర్లేదు, వాయిదాలకు తిప్పితే చాలు. ఈ సంగతి సుప్రీంకోర్టుకూ తెలుసు. విచారణ జరక్కుండానే వార్తను తొలగించమని ఏకపక్షంగా ఉత్తర్వులివ్వొద్దని 2024 మార్చిలో బ్లూమ్‌బెర్గ్ కేసులో కింది కోర్టులను హెచ్చరించింది.

ఆన్‌లైన్ పోస్టుల మీద పోలీసుల చేతికి నేరుగా పనిచెప్పిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేశారు. ఆ ఇద్దరు జడ్జీల్లో ఒకరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. అది పోయాక ఇంటర్నెట్లో ఎవరేమన్నా ఎవరూ ఏమీ చేయలేరన్న భ్రమ ఒకటి ప్రచారంలోకి వచ్చింది. అది వట్టి భ్రమే. పరువునష్టం మీద పోలీసులు కేసు కట్టలేకపోతే వర్గాల మధ్య ద్వేషం, జనాన్ని రెచ్చగొట్టే తప్పుడు ప్రచారం లాంటి సెక్షన్లు ఉండనే ఉన్నాయి. జడ్జీల మీద ఆరోపణలైతే కోర్టు ధిక్కారం. 2020లో తీర్పులు నచ్చక జడ్జీలకు దురుద్దేశాలు అంటగట్టిన పోస్టుల మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 49 మందికి నోటీసులిచ్చింది, తర్వాత దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అదే ఏడాది రెండు ట్వీట్లకు న్యాయవాది ప్రశాంత్ భూషణ్‌కు సుప్రీంకోర్టు ఒక్క రూపాయి జరిమానా వేసింది.

దేశం దాటితే లెక్క మళ్లీ మారుతుంది. అమెరికాలో పరువునష్టం కేసు గెలవడం కష్టం. అక్కడ 2018లో థాయ్ గుహలోంచి పిల్లల్ని కాపాడినవారిలో ఒకణ్ని పిల్లలపై లైంగిక ఆకర్షణ ఉన్నవాడిగా తిట్టిన ఎలాన్ మస్క్, ఆ బాధితుడు 19 కోట్ల డాలర్లు అడిగినా లాస్ ఏంజిల్స్ జ్యూరీ ముందు గట్టెక్కారు. గల్ఫ్‌లో అలాంటి అదృష్టం ఆశించకూడదు. యూఏఈ సైబర్ నేరాల చట్టం ప్రకారం ఆన్‌లైన్లో ఒకరిని అవమానిస్తే, చేయని పని అంటగడితే జరిమానా రెండున్నర లక్షల నుంచి 5 లక్షల దిర్హాముల దాకా ఉంటుంది. తక్కువలో తక్కువ చూసుకున్నా అర కోటి రూపాయలు దాటే మొత్తం. జగిత్యాల, నిజామాబాద్ నుంచి వెళ్లి యజమాని చేతిలో మోసపోయిన కూలీ, కడుపుమండి యజమాని ముఖం, పేరు, ‘వీడు దొంగ’ అన్న మాట కలిపి సెల్ఫీ వీడియో పెడితే బాధితుడు కాస్తా నిందితుడు అయిపోతాడు. భారత కాన్సులేటుకో, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌కో రాసిన అదే ఫిర్యాదు అతణ్ని బోను ఎక్కించదు.

ఫిర్యాదుకూ ప్రచారానికీ మధ్య గీత మన చట్టంలోనూ ఉంది. ఆరోపణను విచారించే అధికారం ఉన్నవారికి సద్భావనతో చెప్పుకుంటే పరువునష్టం కాదు, అది ఎనిమిదో మినహాయింపు. తన ప్రయోజనాన్నో ఇతరులదో కాపాడుకోవడానికి సద్భావనతో అన్న మాట తొమ్మిదోది. ఒక అపార్టుమెంటు అనుకోండి, మియాపూర్‌లోనో గాజువాకలోనో. మూడో అంతస్తులో గొలుసు పోయింది. సాయంత్రానికి గ్రూపులో పనమ్మాయి ఫొటో, కింద ‘ఈ దొంగదాన్ని ఎవరూ పనిలో పెట్టుకోకండి’ అని. ఆధారం? ఆ రోజు ఆమె పనికి వచ్చింది. సత్రాజిత్తు ఆధారం లాంటిదే. రెండు రోజులకు గొలుసు పరుపు కింద దొరికితే ఆ ఫొటోను 240 ఫోన్లలోంచి ఎవరు తుడుస్తారు? అదే గ్రూపులో ‘మా ఇంట్లో గొలుసు పోయింది, స్టేషన్లో ఫిర్యాదు చేశాం, సీసీ కెమెరా ఉన్నవాళ్లు నిన్నటి రికార్డు చెరపకండి’ అని రాస్తే ఎవరి పరువూ పోదు, పైగా గొలుసు దొరికే దారి ఒకటి తెరుచుకుంటుంది. జరిగింది జరిగినట్టు, తమకు తెలిసినంతవరకే రాయడం వేరు, తీర్పు రాయడం వేరు.

ఫిర్యాదు చేస్తే ఏం రాసినా చెల్లుతుందని కాదు. అబద్ధమని తెలిసీ అధికారికి సమాచారమివ్వడం సంహిత 217 కింద, ఒకరిని ఇరికించాలని తప్పుడు నేరం మోపడం 248 కింద నేరాలు. డబ్బివ్వకపోతే నేరం అంటగడతానని బెదిరించి వసూలు చేస్తే బలవంతపు వసూళ్ల సెక్షన్ 308 వర్తిస్తుంది. ‘వీడియో పెట్టమంటావా, సెటిల్ చేస్తావా’ అనే యూట్యూబ్ విలేకరులు ఈ అంకెను గోడమీద రాసుకోవడం మంచిది.

నోటీసు వచ్చిందని కంగారుపడి అన్నీ చెరిపేసేవాళ్లున్నారు. పోస్టు తీసేయడం తప్పు కాదు, సాయపడుతుంది కూడా. కానీ తీసేముందు తేదీ, లింకు కనపడేలా భద్రపరచుకోవాలి. రేపు కోర్టులో స్క్రీన్‌షాట్ చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి, అది లేక వీగిపోయిన ఆధారాలు బోలెడు. తప్పు తెలిస్తే వెంటనే, మొదటి పోస్టు ఎక్కడ పెట్టారో అక్కడే, అంతే పెద్ద అక్షరాల్లో దిద్దుబాటు పెట్టడం ఉత్తమం. పైన చెప్పిన కేసుల్లో కొన్ని క్షమాపణతోనే ముగిశాయి.

నింద వేసి ఇరుక్కున్నా, నింద పడి నలిగినా, నేరం జరిగి ఎవరూ పట్టించుకోక ఫోన్ చేతిలోకి తీసుకున్నా, ముందు ఒక లాయరుతో మాట్లాడండి. డబ్బు లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ లాయరును ఉచితంగా ఇస్తారు. ఫోన్ నంబరు 15100.